వేట బాణాలకు ర్యాప్ వేయాలా, వద్దా: ఈ సీజన్ నోట్సు

ఆగస్టు

పెన్సిల్వేనియాలో జింకల ఆర్చరీ సీజన్ అక్టోబర్ మొదట్లో తెరుచుకుంటుంది. విల్లు ట్యూనింగ్ అయిపోయింది, బ్రాడ్‌హెడ్లు (వేట బాణం కొసకు బిగించే పదునైన ములుకులు) వచ్చేశాయి. ఇక తేలాల్సింది ఒక్కటే: బాణాల వెనక వైపు ర్యాప్ అనే స్టిక్కర్ చుట్టాలా, లేక నల్లటి కార్బన్ షాఫ్ట్ (బాణం కాడ) మీదే వేన్లు, అంటే ఈకల బదులు వాడే ప్లాస్టిక్ రెక్కలు, అతికించేయాలా.

మనవాళ్లకు విలువిద్య అనగానే విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, 50 మీటర్ల దూరంలో టార్గెట్ గుర్తొస్తాయి. అక్కడ వేసిన బాణం కళ్లముందే బోర్డుకు గుచ్చుకుని ఉంటుంది. వేటలో అలా కాదు. సరిగ్గా తగిలిన బాణం చాలాసార్లు జింకలోంచి దూసుకుపోయి అవతల ఆకుల్లో పడుతుంది. జింక పరుగెత్తి కనుమరుగవుతుంది. ఆ తర్వాత మన చేతికి దొరికే మొదటి ఆధారం ఆ బాణమే. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇక్కడ గేమ్ కమిషన్ కోర్సు పాసై, లైసెన్సు తీసుకుని, నియమాల ప్రకారం వేటాడొచ్చు. ఆ నియమాల్లో విల్లు లాగడానికి పట్టే కనీస బలం, బ్రాడ్‌హెడ్ వెడల్పు కూడా ఉన్నాయి. ర్యాప్ సంగతి మాత్రం పూర్తిగా మన ఇష్టం.

ర్యాప్ అంటే పలుచటి వినైల్ స్టిక్కర్. నాక్ (వింటినారి పట్టే వెనక కొస గాడి) దగ్గర మొదలుపెట్టి 4 నుంచి 7 అంగుళాల మేర షాఫ్ట్ చుట్టూ వస్తుంది. దాని మీద వేన్లు అతికిస్తాం. చాలామంది అందం కోసం వేస్తారు. నాకు అందంతో పనిలేదు. బాణం ఎగరడంలో ఏం పోతుంది, వేసిన తర్వాత ఏం లాభం, ఈ రెండే చూశాను.

ముందు బరువు లెక్క. నా షాఫ్ట్ ఈస్టన్ 5 ఎంఎం యాక్సిస్, 340 స్పైన్ (షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే అంకె), అంగుళానికి 9.5 గ్రెయిన్లు. 28.5 అంగుళాలకు కోస్తే దాదాపు 271 గ్రెయిన్లు. ఇన్సర్ట్ (బ్రాడ్‌హెడ్ బిగించడానికి షాఫ్ట్ లోపల పెట్టే ముక్క) 16, బ్రాడ్‌హెడ్ 100, నాక్ 9, రెండంగుళాల బ్లేజర్ వేన్లు మూడూ కలిపి 18. మొత్తం 414 దగ్గర ఆగింది. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు కాబట్టి ఇదంతా ఎంత సన్నని తూకమో ఊహించుకోండి. 4 అంగుళాల ర్యాప్ నా తక్కెడ మీద 7 గ్రెయిన్లు తూగింది.

7 గ్రెయిన్లు ఏపాటివి అనిపిస్తుంది. కానీ ఆ బరువు పడేది తోక దగ్గర. ఎఫ్ఓసీ అని ఒకటుంది: బాణం తూగే బిందువు సరిగ్గా మధ్య నుంచి ఎంత ముందుకు ఉందో చెప్పే శాతం. వేట బాణానికి 10 నుంచి 15 మధ్య ఉంటే చాలని ఎక్కువమంది అంటారు. ర్యాప్ లేకుండా కత్తి అంచు మీద పెట్టి చూస్తే నా బాణం నాక్ నుంచి 17.5 అంగుళాల దగ్గర తూగింది. మధ్య బిందువు 14.25. తేడా 3.25. దాన్ని పొడవుతో భాగిస్తే సుమారు 11.4 శాతం. ర్యాప్ వేశాక తూగే చోటు పావు అంగుళం వెనక్కి జరిగింది, శాతం 10.5కు దిగింది. దీన్ని తిరిగి రాబట్టాలంటే ముందు 125 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ పెట్టుకోవచ్చు, అప్పుడు 13 దాకా పోతుంది. అయితే ముందు బరువు పెరిగితే షాఫ్ట్ వదిలేటప్పుడు ఎక్కువ వంగుతుంది, ట్యూనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. నేను 100 తోనే ఉండిపోయాను. 7 అంగుళాల ర్యాప్ మాత్రం వద్దనుకున్నాను. రెండంగుళాల వేన్లకు నాలుగంగుళాలు సరిపోతుంది, మిగిలిందంతా ఉత్త బరువు.

ఆగస్టు చివర

సగం బాణాలకు వేశాను, సగం వదిలేశాను.

పనిలో అసలు కీలకం శుభ్రం చేయడమే. షాఫ్ట్‌ను 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ వేలితో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటితే అంచు లేస్తుంది. పాత మౌస్ ప్యాడ్ మీద ర్యాప్‌ను జిగురు వైపు పైకి వచ్చేలా పరిచి, షాఫ్ట్‌ను దాని అంచుకు సమాంతరంగా ఆనించి, అరచేతులతో నొక్కుతూ ఒక్క దొర్లింపులో చుట్టేయాలి. మధ్యలో ఆపితే గాలి బుడగ వస్తుంది. మొదటి అంచు వెంట్రుకవాసి వంకరైనా చివర్లో అది కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే నేను అంచు ఆనించే ముందు ప్యాడ్ మీద పెన్సిల్‌తో గీత గీసుకుంటాను. ర్యాప్ రెండు అంచులూ కలిసే చోటు ఏ వేన్ కిందకీ రాకుండా, రెండు వేన్ల మధ్య ఉండేలా జిగ్‌లో (వేన్లు అతికించేటప్పుడు బాణాన్ని పట్టి ఉంచే పరికరం) పెట్టాలి. ఆ మెట్టు మీద వేన్ కూర్చుంటే అడుగు సమంగా అతకదు.

వేన్లు అతికించే ముందు ర్యాప్‌ను కూడా ఆల్కహాల్‌తో తేలిగ్గా తుడవాలి. ఎసిటోన్ మాత్రం వద్దు, వినైల్‌ను కరిగిస్తుంది. సూపర్ గ్లూ జాతి జిగురు పలుచగా రాసి, ఆరాక ప్రతి వేన్ ముందు కొసకూ వెనక కొసకూ ఒక్కో చుక్క. ర్యాప్ ముందు అంచు మీద కూడా చుట్టూ సన్నగా జిగురు పూశాను. టార్గెట్ ఫోమ్‌లోంచి బాణం లాగేటప్పుడు, బ్రష్ రకం రెస్ట్‌లోంచి (విల్లు మీద బాణం ఆనే చోటు) వెళ్లేటప్పుడు రాపిడి పడేది అక్కడే.

తీసేయడం ఇంకా సుఖం. కార్బన్ మీద నేరుగా అతికించిన వేన్లను బ్లేడుతో గీకి తీయాలి, చేయి జారితే షాఫ్ట్ పోగు తెగుతుంది. ర్యాప్ ఉంటే వేన్ల వైపు కొసను వేడినీళ్లలో కాసేపు ఉంచితే చాలు, ఉడికిన బంగాళదుంప తొక్కలా వేన్లతో సహా ఊడి వస్తుంది. నీళ్లు మరిగేటప్పుడు కాకుండా స్టవ్ మీంచి దించాక ముంచండి. లోపలికి పోయిన నీళ్లు వంపి, బాణాన్ని నిలబెట్టి ఆరనివ్వండి.

సెప్టెంబర్

20, 30, 40 గజాల దగ్గర రెండు రకాలూ కలిపి వేస్తూ వచ్చాను. 7 గ్రెయిన్లు పెరిగితే నా విల్లు మీద వేగం సెకనుకు రెండడుగుల మేర తగ్గుతుంది. 275 అడుగుల వేగంతో పోయే బాణం 40 గజాల దగ్గర దాంతో అదనంగా అర అంగుళం కిందికి దిగుతుంది. ఆ దూరంలో నా బాణాలు ఒకదానికొకటి ఎడంగా పడే తేడానే అంతకంటే చాలా పెద్దది. ఇక 20 గజాలకు తేడా కనబడనే లేదు. వేటలో నేను 25 దాటి వేయను కాబట్టి ఈ వైపు టెన్షన్ తీరింది.

రంగు దగ్గర మాత్రం చాలా ఆలోచించాను. న్యూజెర్సీ నుంచి వచ్చిన మా బావమరిది తెల్ల ర్యాప్ చూడగానే, "బావా, ఇంత తెల్లగా పెడితే జింక చూసి పారిపోదూ?" అన్నాడు. మంచి ప్రశ్నే. జార్జియా యూనివర్సిటీలో జింకల చూపు మీద పరిశోధనలు జరిగాయి. జింక కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే. నీలం మనకంటే బాగా కనబడుతుంది, నారింజ, ఎరుపు వాటికి మందంగా ఉంటాయి. ఆ లెక్కన నారింజ ర్యాప్ వేసుకోవాలి. కానీ అక్టోబర్ చివరికి ఇక్కడి అడవి నేలంతా మేపుల్, ఓక్ ఆకులతో అదే రంగులో ఉంటుంది. పెరటి వెనక చెట్ల కింద నారింజ, పసుపు, తెలుపు బాణాలు పడేసి కాస్త దూరం నుంచి చూస్తే, నా కళ్లకు నారింజది ఆకుల్లో కలిసిపోయింది, తెల్లది వెంటనే దొరికింది.

తెలుపుకు ఇంకో గట్టి కారణముంది, నా నిర్ణయమంతా దాని మీదే నిలబడింది: బాణానికి అంటిన రక్తం రంగు. నురగతో లేత ఎరుపు ఉంటే తగిలింది ఊపిరితిత్తులకు, అరగంట ఆగి వెళ్లొచ్చు. ముదురు ఎరుపు అయితే కాలేయం కావచ్చు, నాలుగైదు గంటలు కదలకూడదు. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉండి కంపు కొడితే పొట్ట, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. తొందరపడి వెంటబడితే గాయపడ్డ ప్రాణి లేచి మైళ్లు పోతుంది, ఎక్కడో బాధతో చస్తుంది, మనకు దొరకదు. నల్లటి కార్బన్ మీద ఈ రంగులు ఒకదానికొకటి తేడా తెలియవు, సాయంత్రం అసలే తెలియవు. బాణం వదిలాక ఆ జింక పట్ల మన బాధ్యత మొదలవుతుందని నమ్ముతాను. దానికి సాయపడే 7 గ్రెయిన్లు నాకు బరువు కావు.

బావమరిదికి చెప్పిన జవాబు: అంబులపొదిని చెట్టుకు నా వెనక వైపు తగిలిస్తాను, ఇక జింకకు కనబడేది విల్లు లాగేటప్పటి చేతి కదలికే, ఆ కదలికను ర్యాప్ పెంచదు.

వెలిగే నాక్‌లు కూడా ఈ రాష్ట్రంలో చట్టబద్ధమే. కానీ 20 గ్రెయిన్లకు పైగా తూగుతాయి, అదీ బాణం చిట్టచివర. ర్యాప్, వెలిగే నాక్ రెండూ కావాలంటే 125 బ్రాడ్‌హెడ్‌తో మొదటి నుంచి ట్యూన్ చేసుకోవాలి. ఈ ఏడాదికి మామూలు నాకే.

అక్టోబర్ చివర

సూర్యాస్తమయం అవుతుండగా ఆడ జింక వచ్చింది, 20 గజాల లోపే. బాణం అవతలికి దూసుకుపోయిన చప్పుడు వినబడింది. చెట్టు దిగి టార్చి వేస్తే ఓక్ ఆకుల్లో తెల్ల ముక్క దూరం నుంచే కనబడింది. ర్యాప్ మీద లేత ఎరుపు, దానిలో ఆవగింజంత బుడగలు. అరగంట ఆగి వెళ్తే జింక దగ్గర్లోనే పడి ఉంది. బాణం కడిగి చూశాను, ర్యాప్ అంచు లేవలేదు, ఒక వేన్ మాత్రం నలిగింది. వేడినీళ్లలో ముంచి అన్నీ తీసేసి కొత్తవి వేశాను.

టార్గెట్ బాణాలకు ర్యాప్ వేయను, అక్కడ దానితో పనిలేదు. వేట బాణాలన్నిటికీ 4 అంగుళాల తెల్లది ఖాయం. క్రిస్మస్ మర్నాటి నుంచి ఆర్చరీ సీజన్ మళ్లీ తెరుస్తారు, అప్పటికి మంచు పడితే తెలుపు కనబడదు. అందుకని అరడజను బాణాలకు మెరిసే గులాబీ రంగు ర్యాప్ తెప్పించాను. రక్తం దాని మీద ఎంత స్పష్టంగా తెలుస్తుందో బీట్‌రూట్ రసం పూసి చూస్తున్నాను. ఇప్పటివరకు చూస్తే ముదురు రంగు తెలుస్తోంది గానీ లేత ఎరుపు కలిసిపోతోంది. లేత పసుపుపచ్చది కూడా ఒక ప్యాకెట్ తెప్పించి, మంచు పడ్డ రోజు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.