కీమో లేని క్యాన్సర్

"కీమోలు ఎన్నయ్యాయి?" నాకు క్యాన్సర్ అని తెలిసినవాళ్లు ముందు అడిగేది ఇదే. ఒక్కటీ లేదంటే నమ్మరు. జుట్టు ఊడలేదు, మనిషి చిక్కిపోలేదు. "అయితే మామూలు గడ్డే అయ్యుంటుంది లెండి" అని ఒకాయన తేల్చేశారు కూడా.

మామూలు గడ్డ కాదు. కాండ్రోసార్కోమా. కీళ్ల దగ్గరా, పక్కటెముకల కొసల్లోనూ ఉండే మృదులాస్థి లాంటి పదార్థాన్ని తయారుచేసే కణాల క్యాన్సర్. ఎక్కువగా కటి, తొడ, భుజం ఎముకల్లో వస్తుంది. వెన్నెముకలో వచ్చేవి పదింట ఒక వంతు కూడా ఉండవు. నాకు వీపు మధ్యలో, ఛాతీ వెనకుండే పూసలో వచ్చింది.

పని చేసి అలిసిపోయినప్పుడు వచ్చే నొప్పి పడుకుంటే సర్దుకుంటుంది. నాది పడుకున్నాకే రాజుకునేది. కండరం పట్టేసిందని మాత్రలిచ్చారు, వ్యాయామాలు చెప్పారు. మెట్లెక్కుతుంటే కుడికాలు బరువుగా లాగడం మొదలయ్యాక గానీ ఎమ్మారై తీయలేదు. ఆ తర్వాత తీసిన సీటీలో గడ్డ లోపల తెల్లటి చిన్న చిన్న ఉంగరాలు, విరిగిన ఉంగరాల ముక్కలు కనిపించాయి. మృదులాస్థి గడ్డల్లో కాల్షియం అలాగే పేరుకుంటుందట. రేడియాలజిస్టు పెన్ను కొనతో ఒక్కొక్కటే చూపిస్తుంటే భయం మర్చిపోయి చూశాను.

మొదట కలిసిన సర్జన్ వెంటనే ఆపరేషన్ పెట్టుకుందాం, గీకి తీసేస్తే నరాల మీద ఒత్తిడి తగ్గుతుందన్నారు. మా అక్క ఊరుకోలేదు, ఎముకల క్యాన్సర్లు చూసే ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు ఫిల్ములు చూసి అన్న మొదటి మాట: "దీన్ని ఇంకా ఎవరూ తెరవలేదు కదా?" తెరవలేదంటే ఆయన ముఖంలో కనిపించిన తేలిక నాకిప్పటికీ గుర్తే.

ఎందుకో విడమర్చి చెప్పారు. ఈ కణాలు నింపాదిగా పెరుగుతాయి, వాటి చుట్టూ రక్తనాళాలూ తక్కువే. కాండ్రోసార్కోమాలో ఎక్కువగా కనిపించే రకం మీద కీమో పెద్దగా పనిచేయదు. రేడియేషన్ పనిచేయాలంటే 70 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత), అంతకు పైన ఇవ్వాలి. పక్కనే ఉన్న వెన్నుపాము 50 దాటితే ఓర్చుకోలేదు. ఇక మిగిలింది కత్తే. గడ్డను ముక్కలుగా గీకితే కణాలు అక్కడే చెదిరి మళ్లీ మొలుస్తాయి. చుట్టూ కాస్త మంచి ఎముకతో సహా ఒకే ముద్దగా తీయాలి. ఆ అవకాశం బాగా దొరికేది మొదటి ఆపరేషన్‌లోనే. బయాప్సీ సూది ఎక్కడ గుచ్చాలో కూడా ఆపరేషన్ చేసే ఆయనే నిర్ణయించారు. సూది వెళ్లిన దారిని కూడా తర్వాత గడ్డతోపాటు కోసి తీసేయాలట. రిపోర్టులో గ్రేడ్ 2 అని వచ్చింది, గడ్డ ఎంత ఉధృతమైనదో చెప్పే మూడు మెట్లలో మధ్యది.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ, మత్తులో ఉన్నాను. పూస, దానికి అంటిన పక్కటెముకల ముక్కలు తీసేసి, మధ్యలో టైటానియం పంజరం, పైనా కిందా రాడ్లు, స్క్రూలు పెట్టారు. మెలకువ వచ్చాక కాలి బొటనవేళ్లు కదపమన్నారు. కదిలాయి. తర్వాతి రోజుల్లో పక్కకు తిరగాలంటే ముగ్గురు కలిసి భుజం, నడుం, కాళ్లు ఒక్కసారే దుంగను దొర్లించినట్టు దొర్లించేవారు. నొప్పి కన్నా ఆ పరాధీనతే నన్ను ఎక్కువ ఏడిపించింది.

తీసిన ముద్దలో వెన్నుపాము పొర వైపు, గడ్డ చుట్టూ ఉండాల్సిన మంచి కణజాలపు అంచు చాలా పలచగా వచ్చిందని ప్రోటాన్ రేడియేషన్ ఇచ్చారు. ప్రోటాన్ కిరణం నిర్ణీత లోతు దాకా వెళ్లి దాదాపు అక్కడే ఆగిపోతుంది కాబట్టి వెన్నుపాముకు తగిలే మోతాదు తగ్గించవచ్చు. చికిత్సలో బాధేమీ ఉండదు. అచ్చులో పడుకుని కదలకుండా ఉండటమే కష్టం. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెడుతుంది.

గడ్డతోపాటు తీయక తప్పని రెండు నరాల వల్ల ఛాతీకి ఒకవైపు బెత్తెడు వెడల్పున స్పర్శ లేదు. చొక్కాలో చీమ పాకినా అక్కడ తెలియదు. కాలినా తెలియదు కాబట్టి ఆ మేర వేడినీళ్ల సంచి పెట్టుకోవద్దన్నారు. అది తిరిగి రాదని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. ఆ సంతకానికి నేనెప్పుడూ బాధపడలేదు.

ఇప్పుడు వెన్నెముకకు ఎమ్మారై, ఊపిరితిత్తులకు సీటీ క్రమం తప్పకుండా తీస్తున్నారు. ఈ జబ్బు పాకితే ముందుగా వెళ్లేది ఊపిరితిత్తులకే. పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు కాబట్టి "నయమైపోయింది" అనే మాట మా డాక్టరు వాడరు, "ఏమీ కనిపించడం లేదు" అంటారు. టైటానియం ఎమ్మారైలో నల్లటి నీడలు వేస్తుంది. కొత్త బొమ్మను పాతవాటి పక్కన పెడితేనే మార్పు తెలుస్తుంది. అందుకే సీడీలన్నీ ఒక సంచిలో పెట్టి ప్రతిసారీ మోసుకెళ్తాను.

నడుస్తున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. వంగి బరువులెత్తే పనులు మాత్రం ఇంట్లో నాకెవరూ చెప్పరు. డాక్టరు పరవాలేదన్న చిన్న బరువుల సంగతి నేనింకా బయటపెట్టలేదు.