కారు ఆడియోకి ఫ్యూజ్ బ్లాక్ ఇంట్లోనే తయారు చేశాను

బెజవాడలో కార్లకి పెద్ద సౌండ్ సిస్టమ్ పెట్టించుకునే వాళ్లకి కొదవ లేదు. ఆంప్ (ఆంప్లిఫయర్) ఏ కంపెనీది, ఊఫర్ (బేస్ స్పీకర్) పది అంగుళాలా పన్నెండా అని గంటలు గంటలు మాట్లాడతారు గానీ ఫ్యూజ్ ఎక్కడ పెట్టారు అని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. మా బావమరిది కొన్న సెకండ్ హ్యాండ్ కారులో డిక్కీ మ్యాట్ ఎత్తి చూశాను. బ్యాటరీ నుంచి వచ్చిన లావు వైరుని మధ్యలో కోసి, దానికి రెండు సన్న వైర్లు మెలేసి, పైన టేపు చుట్టి రెండు ఆంప్‌లకి ఇచ్చేశారు. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ లేదు, డిక్కీలోనూ లేదు. "ఆంప్‌లకి వాటి ఫ్యూజులు వాటికి ఉన్నాయిగా బావా" అన్నాడు వాడు.

ఉన్నాయి, కానీ అవి ఆంప్‌ని కాపాడటానికి. బ్యాటరీ నుంచి ఆంప్ దాకా వచ్చే నాలుగైదు మీటర్ల వైరుని ఎవరు కాపాడతారు? ఆ వైరు ఇంజన్ గదిలోంచి ఇనప రేకులో చేసిన రంధ్రం గుండా లోపలికొచ్చి, డోర్ల కిందగా, సీటు పట్టాల పక్కగా వెళ్తుంది. ఎక్కడో ఒకచోట ఒరుసుకుని తొడుగు చిరిగి బాడీకి తగిలిందంటే బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్ల కరెంటుని ఒక్కసారిగా వదులుతుంది, ఆ వైరు హీటర్ కాయిల్‌లా ఎర్రబడుతుంది, ఆపేవాడు ఉండడు. పైన కార్పెట్, సీటు ఫోమ్, లోపల మనుషులు. అందుకే మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలంటారు. లావు వైరు సన్న వైర్లుగా చీలే చోట ప్రతి సన్న వైరుకీ మళ్లీ విడిగా ఫ్యూజ్ ఉండాలి, ఎందుకంటే లావు వైరుకి సరిపోయే ఫ్యూజ్ సన్న వైరు కాలిపోతున్నా ఎగరకపోవచ్చు. ఆ రెండో చోట పెట్టేదే ఫ్యూజ్ బ్లాక్.

షాపులో రెడీమేడ్‌వి చూశాను. చవకవాటిలో గాజు గొట్టం ఫ్యూజులు, మెరుపు పూత, వైరుని నొక్కి పట్టడానికి చిన్న స్క్రూ. ఆ పట్టు నాకు నచ్చలేదు. నట్టు బోల్టుతో బిగించే మిడి ఫ్యూజులు వాడి ముందు నా కారుకి నేనే చేద్దామనుకున్నాను.

ముందు లెక్క. నాలుగు చానళ్ల ఆంప్ చానల్‌కి 60 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్), అంటే మొత్తం 240 వాట్లు. అది ఏబీ క్లాసు, తీసుకున్న పవర్‌లో సగానికి కాస్త ఎక్కువే స్పీకర్లకి వెళ్తుంది, మిగతాది వేడి. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు అనుకుంటే సుమారు 32 ఆంప్స్ (ఆంపియర్లు). ఊఫర్ ఆంప్ 400 వాట్లు, డి క్లాసు కాబట్టి 80 శాతం దాకా పనికొస్తుంది, 36 ఆంప్స్. రెండూ కలిపి 68. మెయిన్‌కి 80 ఆంప్స్ ఫ్యూజ్, ఫోర్ గేజ్ వైరు (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు). బ్లాక్ నుంచి ఒక్కో ఆంప్‌కి ఎయిట్ గేజ్ వైరు, 40 ఆంప్స్ ఫ్యూజ్. డబ్బా మీద 2000 వాట్స్ అని పెద్దక్షరాలతో ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఆంప్ ఎంత లాగినా సరే, వైరు మోయగలిగిన దానికంటే పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయకూడదు. వైరు కొనేటప్పుడు కొసని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అదే లావులో ఉన్న అసలు రాగి మోసేంత కరెంటుని అది మోయలేదు, వాడక తప్పకపోతే ఒక సైజు లావుది తీసుకోండి.

అడుగు పలకకి 6 మి.మీ. హైలం షీటు (కరెంటు పారని గట్టి షీటు) ముక్క తీసుకున్నాను. ప్లైవుడ్ వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది. ప్లాస్టిక్ అయితే మే నెలలో మన ఊళ్లో ఎండకి నిలబెట్టిన కారు వేడి, దానికి తోడు జాయింట్ వేడి, రెండూ కలిస్తే మెత్తబడుతుంది. హైలంకి ఆ బెంగ లేదు. 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న రాగి పట్టీని ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో కోయించి బెజ్జాలు వేయించాను. "ఇంత చిన్నదానికి ఇంత మందం పట్టీ దేనికి బాబూ?" అన్నాడు అక్కడి పెద్దాయన. వేడెక్కకూడదు బాబాయ్ అంటే, అంచులు కూడా ఆయనే ఆకురాయితో నున్నగా రుద్దిచ్చాడు. పని తెలిసిన చెయ్యి.

పట్టీకి మూడు ఇత్తడి బోల్టులు. మధ్యదానికి బ్యాటరీ నుంచి వచ్చే వైరు లగ్గు (వైరు కొసకి నొక్కే, బోల్టు బెజ్జం ఉన్న తొడుగు), అటూ ఇటూ ఒక్కో ఫ్యూజ్ ఒక కొస. ఫ్యూజ్ రెండో కొస విడిగా ఉన్న ఇంకో బోల్టుకి, అక్కడి నుంచి ఆంప్‌కి వైరు. బెజ్జాల దూరం స్కేలుతో కాకుండా ఫ్యూజునే పలక మీద పెట్టి గుర్తు పెట్టుకుంటే తేడా రాదు. ఇక్కడ రెండు సంగతులు చాలా ముఖ్యం. ఫ్యూజ్ రేకు, రాగి పట్టీ లేదా లగ్గు ఒకదానికొకటి నేరుగా తగలాలి, మధ్యలో వాషర్ రాకూడదు, వాషర్ పైనే వేసి బిగించాలి. రెండోది, బోల్టు తలలు పలక కింద ఉంటాయి, వాటిలోనూ కరెంటు ఉంటుంది. కింద ఇంకో హైలం ముక్క వేసి మూసేయకుండా కారు బాడీ మీద బిగిస్తే అదే షార్ట్.

లగ్గులు సుత్తితో కొట్టి నొక్కడం చాలాచోట్ల చూశాను, దయచేసి అలా చేయకండి. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ ఉన్న షాపులో నొక్కించండి, నొక్కాక గట్టిగా లాగి చూడండి. పైన టేపు వద్దు, ఎండకి దాని జిగురు కారి ఊడిపోతుంది, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయండి. బ్లాక్ పైన పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ మూత పెట్టాను, ఫ్యూజ్ ఎగిరిందో లేదో విప్పకుండానే కనిపిస్తుంది. ఎర్త్ వైరు కూడా ప్లస్ వైరంత లావుదే, పెయింట్ గీకి తెల్ల ఇనుము మీద బిగించాలి.

బిగించేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందే తీసేయాలి. అంతా అయ్యాక ప్లస్ వైరుకీ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టి షార్ట్ లేదని చూసుకుని, మైనస్ తగిలించి, మెయిన్ ఫ్యూజ్ చివర్న వేయాలి. తర్వాత సౌండ్ బాగా పెంచి మీటరుని మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో జాయింట్‌కి అటూ ఇటూ ఎంత వోల్టేజ్ పడిపోతోందో కొలిచాను. ఒకే రకం జాయింట్లన్నీ దగ్గర దగ్గరగా చూపించాలి, ఏదో ఒకటి మాత్రం ఎక్కువ చూపిస్తే అక్కడ పట్టు సరిగా లేనట్టే. ఆ తర్వాత వారధి దాటి గుంటూరు రోడ్డెక్కి, పాటలు ఆపకుండా వెళ్లి, కాజ టోల్‌గేట్ దాటాక పక్కన ఆపి, సిస్టమ్ కట్టేసి లగ్గులు ముట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉన్నాయంతే. కుదుపులకీ వేడికీ నట్లు కొంచెం సర్దుకుంటాయి కాబట్టి కొన్ని వారాలు తిరిగాక మళ్లీ స్పానర్ పెట్టి చూడాలి.

బావమరిది కారుకి కూడా ఇలాంటిదే చేసి పెట్టాను. డాష్‌బోర్డులో 40 ఆంప్స్ ఫ్యూజులు రెండు అదనంగా ఉంచి, ఫ్యూజ్ ఎగిరితే ఇంకోటి వేసే ముందు వైరు ఎక్కడ నలిగిందో వెతకమని చెప్పాను. ఎవరో మెకానిక్ తొందరలో 60 వేసేయకుండా, మూత మీద "40 మించి వేయొద్దు" అని మార్కర్‌తో తెలుగులోనే రాసిచ్చాను.