పలాస జీడిపప్పు ధరల మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు వెళ్లింది

కాశీబుగ్గలో మా బావగారి జీడిపప్పు ఫ్యాక్టరీకి వచ్చే మెయిళ్లను, వెళ్లే మెయిళ్లను నేనే చూస్తుంటాను. గత వేసవిలో ఇండోర్ వ్యాపారి ఒకరు ఫోన్ చేసి, 240, 320 రకాలకు అడిగిన ధరలు వారమైనా రాలేదని, అందుచేత సరుకు వేరేచోట కొనుక్కున్నానని చెప్పారు. మేము పంపిన మెయిల్ వారం రోజులుగా ఆయన స్పామ్ ఫోల్డర్‌లోనే ఉంది.

"ఉత్తరంలో ఏటో మాట పడనట్టుంది, అది తీసీ" అన్నారు బావగారు. చాలామంది మొదట అనుమానించేది మాటలనే. 'తగ్గింపు' అన్న పదం తీసేశాను, ఫొటో తీసేశాను, ఫలితం మారలేదు. చివరికి అదే మెయిల్‌ను నా సొంత జీమెయిల్‌కు పంపుకొని, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' తెరిచి చూస్తే, ఎస్‌పీఎఫ్ అనే తనిఖీ పాస్ కాలేదనీ 'పర్మ్‌ఎర్రర్', అంటే అమరికలోనే తప్పుందన్న గుర్తు, వచ్చిందనీ తెలిసింది. ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉండవలసింది.

మా డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తరువాత ఉండే పేరు) మీద ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే వరుస ఎస్‌పీఎఫ్. డొమైన్ వివరాలను అందరికీ చూపే డీఎన్ఎస్ పేజీలో అది ఒక్కటే ఉండాలి. మాకు రెండున్నాయి: ఒకటి మెయిల్ సేవకు, మరొకటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు చేర్చినది. రెండు ఉంటే ఏదీ చెల్లదు. రెండింటిలోని, ఏ సేవకు అనుమతి ఉందో చెప్పే 'ఇన్‌క్లూడ్' భాగాలను ఒకే వరుసలోకి చేర్చి రెండోదాన్ని తొలగించాను. ఇలా చేర్చుకుంటూ పోయినా, ఆ వరుసను సరిచూడటానికి అవసరమయ్యే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు.

తరువాత, మెయిల్ దారిలో మారలేదని చూపే డీకిమ్ అనే డిజిటల్ సంతకాన్ని మెయిల్ సేవలో ప్రారంభించి, దాన్ని సరిచూసే పబ్లిక్ కీని డీఎన్ఎస్‌లో పెట్టాను. 'ఫ్రమ్'లోని డొమైన్‌తో ఈ రెండింటిలో ఒకటైనా సరిపోలుతోందా అని చూసి, లేకుంటే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను మాత్రం తొందరపడకుండా 'నన్' విధానంతో మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ విధానం ఏ మెయిల్‌నూ ఆపమని చెప్పకుండానే నివేదికలు తెప్పిస్తుంది. ఆ నివేదికల్లోనే అసలు చిక్కు బయటపడింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే ఇన్‌వాయిస్‌లకు ఎస్‌పీఎఫ్ పాసైనా డీమార్క్ ఫెయిలవుతోంది. 'ఫ్రమ్' దగ్గర మా డొమైన్, లోపల తిరుగు చిరునామాలోనూ సంతకంలోనూ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైన్ ఉన్నాయి. వే బిల్లులో ఒక లారీ నంబరు, బండి మీద మరో నంబరు ఉంటే తనిఖీ అధికారి బండిని ఎందుకు ఆపుతాడో పలాసలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మా డొమైన్‌తోనే సంతకం పడేలా మార్చాక ఇన్‌వాయిస్‌లూ పాసయ్యాయి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి. తక్కువ పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలి. అయితే చిన్న వ్యాపారులు కూడా మూడూ పెట్టుకోవాలనే నా గట్టి అభిప్రాయం.

ఇక విజిటింగ్ కార్డుల నుంచి పోగుచేసిన చిరునామాలన్నిటికీ పండుగ ధరలు ఒకేసారి పంపుదామని బావగారు అన్నప్పుడు, "బావగారూ, అడగనివాళ్లకు వద్దండి" అని అడ్డుపడ్డాను. అందుకున్నవారు 'స్పామ్' నొక్కితే అది మా డొమైన్ పేరుకే చుట్టుకుంటుంది, సంతకాలేవీ అప్పుడు కాపాడవు.

ఇండోర్ వ్యాపారి చేత పాత మెయిల్‌ను 'స్పామ్ కాదు' అని గుర్తు పెట్టించాను. కొత్త కొనుగోలుదారుకు మొదటిసారి ధరలు పంపిన రోజు సాయంత్రం నేనే ఫోన్ చేసి, అది ఇన్‌బాక్స్‌లో కనిపించిందా అని అడుగుతున్నాను.