వీపు మీద దోసె

మొన్న శుక్రవారం మా మూడో క్లాసులో ఒక పిల్లాడు ఇంకొకడి వెనకాల కూర్చుని "మాడ్లా?" అని అడిగాడు, ముందున్నవాడు "బేడ" అన్నాడు, వెనకవాడు చేతులు కట్టుకుని అలాగే కూర్చున్నాడు. అంతే జరిగింది. కానీ ఆ వెనకున్నవాడు జూన్‌లో లంచ్ లైన్లో ముందున్న ప్రతి ఒక్కర్నీ తోసినవాడు, అందుకే ఇది రాయాలనిపించింది.

కన్నడం రానివాళ్ళకి చెప్తా, మాడ్లా అంటే చెయ్యనా అని, బేడ అంటే వద్దు అని. వాడు అడిగింది వీపు మీద మసాజ్ చెయ్యనా అని, మా క్లాసులో పిల్లలు రోజూ ఒకరికొకరు చేసుకుంటారు, ఇది ఆ కథే. నేను బెంగళూరులో కేఆర్ పురం వైపు ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. క్లాసులో 33 మంది, సగం మంది మన తెలుగువాళ్ళే, మదనపల్లి నుంచి, హిందూపురం నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు, మిగతావాళ్ళు కన్నడ, తమిళం, హిందీ పిల్లలు.

తోసుకోవడం, కొట్టుకోవడం అంటే ఏదోలా ఆపొచ్చు, అది కంటికి కనిపిస్తుంది. నాకు నిద్ర పట్టనివ్వంది వేరే. మా క్లాసులో ఒక పాప ఉంది, వాళ్ళమ్మ రోజూ తలకి బాగా కొబ్బరి నూనె రాసి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టి పంపిస్తుంది. ఎవరో ఆ పాపకి నూనె డబ్బా అని పేరు పెట్టారు. తర్వాత ఒక ఆట మొదలైంది, ఆ పాప ముట్టుకున్న బెంచీకి ఎవరి చెయ్యైనా తగిలితే వాళ్ళు ఆ చేతిని పక్కవాడి చొక్కాకి తుడిచి "పాస్" అనాలి, వాడు ఇంకొకడికి తుడవాలి, రెండు నిమిషాల్లో క్లాసంతా తిరిగొచ్చేది. ఎనిమిదేళ్ళ పిల్లలండి వీళ్ళు. ముట్టుకుంటే మైల అనే మాట వీళ్ళు విని కూడా ఉండరు, ఆట మాత్రం అచ్చంగా అదే.

నార్వేలో డాన్ ఓల్వేయస్ అని ఉండేవారు, 1970ల నుంచి ఈ బుల్లీయింగ్ మీదే పనిచేసిన సైకాలజిస్ట్. కావాలని చెయ్యడం, మళ్ళీ మళ్ళీ చెయ్యడం, అవతలివాళ్ళు ఎదురు చెప్పలేని స్థితిలో ఉండడం, ఈ మూడూ ఉంటే అది బుల్లీయింగ్ అన్నారాయన. మా పాస్ ఆటలో మూడూ ఉన్నాయి. నేను తిట్టాను, డైరీలో రాశాను, పేరెంట్స్‌ని పిలిచాను, ఆట క్లాసులోంచి వ్యాన్లోకి వెళ్ళింది అంతే.

అప్పుడు చదివాను, పిల్లలు పిల్లలకి మసాజ్ చేసే ప్రోగ్రామ్ ఒకటుందని. స్వీడన్‌కి చెందిన మియా ఎల్మ్‌సేటర్, కెనడాకి చెందిన సిల్వీ ఎటు అనే ఇద్దరు ఆడవాళ్ళు మొదలుపెట్టారు, 4 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం. బట్టలు వేసుకునే ఉంటారు, తల, భుజాలు, వీపు, చేతులు మాత్రమే. పెద్దవాళ్ళు పిల్లల్ని ముట్టుకోరు. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అడగాలి, అయిపోయాక థాంక్స్ చెప్పాలి. వీళ్ళిద్దరూ అంతకుముందు పసిపిల్లల మసాజ్ నేర్పే సంస్థలో ట్రైనర్లు, ఆ సంస్థ పెట్టిన విమలా మెక్‌క్లూర్ అనే అమెరికన్ ఆ మసాజ్‌ని 1973లో ఇక్కడే, మన ఇండియాలో ఒక అనాథాశ్రమంలో చూసి నేర్చుకున్నారు. అది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, కాళ్ళు చాపుకుని బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నలుగు పెట్టి కాళ్ళూ చేతులూ సాగదీసి నీళ్ళు పోసేది, మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆ కాళ్ళ మీద పడుకున్నవాళ్ళే. బిడ్డకి ఏడాది దాటాక మనం ఆ ముట్టుకోవడం మానేస్తాం, పండక్కి తలంటు తప్ప. స్కూల్‌కొచ్చాక ఇంకొకరి చెయ్యి మీద పడిందంటే అది దెబ్బే.

మేము ఆ ప్రోగ్రామ్ ట్రైనింగ్ తీసుకోలేదు, వాళ్ళ పేరూ పెట్టుకోలేదు, ఆ నియమాలు మాత్రం తీసుకున్నాం. ప్రార్థన అయ్యాక పది నిమిషాలు, తలుపులు తెరిచి, ఆయమ్మ కూడా లోపలే. మెల్లగా అంటే ఎంత మెల్లగా అనేది పిల్లలకి చెప్పడం కష్టమైంది. మన చర్మంలో ఒకరకం సన్నటి నరాలుంటాయి, సెకనుకి సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా స్పందిస్తాయి, మరీ తొందరపడితే స్పందన తగ్గిపోతుంది. అందుకని 15 సెంటీమీటర్ల స్కేలు తీయించి, ఒందు ఎరడు అని ఐదు దాకా లెక్కపెడుతూ ఈ చివర్నుంచి ఆ చివరికి వేలు జరపమన్నాను. ఆ తర్వాతే పక్కవాళ్ళ చేతి మీద. వీపు మీద వేళ్ళ కొసలతో చేసేదానికి వాన అని, అరచేత్తో గుండ్రంగా తిప్పేదానికి దోసె అని పేర్లు వాళ్ళే పెట్టారు.

మొదటి వారం బాగాలేదు. జోడీలు పెడితే ఆ పాపని ఎవరూ తీసుకోలేదు, "నాతో ఎవరూ చెయ్యరు మిస్" అంది. నేనే వెళ్ళి కూర్చోవచ్చు, కానీ నియమం నియమమే. అందుకని రైలులాగా గుండ్రంగా కూర్చోబెట్టాను, ప్రతి ఒక్కరికీ ముందు ఒకరు, వెనక ఒకరు. అయినా ఆ పాప వెనకున్న అబ్బాయి అయిపోయాక చెయ్యి నిక్కరుకి తుడుచుకున్నాడు, నేను చూశాను, ఆ పాపా చూసింది.

ఈలోగా పేరెంట్స్ గ్రూపులో గొడవ. ఒక నాన్న ఫోన్ చేసి "మేడమ్, గుడ్ టచ్ బ్యాడ్ టచ్ నేర్పిస్తున్నాం ఇంట్లో, మీరేమో ఇది మొదలుపెట్టారు" అన్నారు. ఆయన భయం సరైనదే, పోక్సో చట్టం 2012లో వచ్చింది ఊరికే కాదు కదా. కానీ నేను ఆయనకి చెప్పింది ఒకటే, వద్దు అని చెప్పడం పిల్లలకి పోస్టర్ చూపించి నేర్పితే రాదు, రోజూ నోటితో అని, అవతలివాడు ఆగడం కళ్ళతో చూస్తే వస్తుంది. ఆయన్ని ఒకరోజు వచ్చి కూర్చోమన్నాను, వచ్చారు, వెనక బెంచీలో కూర్చుని చూసి వెళ్ళారు, మళ్ళీ ఫోన్ రాలేదు.

మసాజ్ వల్ల పిల్లల కోపం తగ్గిందని స్వీడన్‌లో 2008లో ఒక స్టడీ వచ్చింది, అది నర్సరీ వయసు పిల్లల మీద. దాన్ని పట్టుకుని ప్రతి స్కూల్లో బుల్లీయింగ్ పోతుందని నేను చెప్పను. ఒక పిల్లని రోజూ ఏడిపించేవాడిని తీసుకొచ్చి ఆ పిల్ల వెనకే కూర్చోబెట్టడం మాత్రం అస్సలు చెయ్యకండి, అది ఆ పిల్లకి ఇంకో శిక్ష.

నేను చూసింది చెప్తా. ఆ తోసేవాడు ఉన్నాడే, మూడో వారంలో ముందున్న పాప "మెల్లగా, నొప్పి" అంటే వాడు నిజంగా ఆశ్చర్యపోయి తన చేతులకేసి చూసుకున్నాడు, తన చెయ్యి అంత బరువని వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళంతా తిరిగి కొట్టే చెప్పారు.

ఇంక ఆ రెండు జడల పాప. వాళ్ళమ్మ సాయంత్రం టిఫిన్ బండి నడుపుతుంది, పాప పక్కనే నిలబడి చూస్తుంది, అందుకని వీపు మీద దోసె వెయ్యడం ఆ పాపకి వచ్చినట్టు ఎవరికీ రాదు, మధ్యలో మొదలుపెట్టి అంచుల దాకా తిప్పి, చివర్న గిన్నె అడుగుతో సర్దినట్టు ఒక్క చుట్టు. నోటితో చుయ్య్ అని నీళ్ళు చల్లిన శబ్దం కూడా చేస్తుంది. ఒకరికి తెలిసింది, ఇద్దరికి తెలిసింది, రైల్లో ఆ పాప ముందు చోటు కోసం పోటీ మొదలైంది. నూనె డబ్బా అనడం పూర్తిగా పోలేదు, పోయిన వారం కూడా వ్యాన్లో విన్నానని ఆయమ్మ చెప్పింది. లంచ్‌లో ఇంకా కొన్ని రోజులు ఒక్కతే తింటుంది.

నిన్న ఆ నిక్కరుకి చెయ్యి తుడుచుకున్న అబ్బాయి వచ్చి ఆ పాప ముందు కూర్చుని "నాకు ఉల్లిపాయ దోసె" అన్నాడు. పాప కాసేపు ఆలోచించి "బేడ" అంది. వాడు లేచి వేరేచోట కూర్చున్నాడు, ఏమీ అనలేదు.