వేగులవాళ్ళ వారం

పాస్టర్లని తయారుచేసే మన కాలేజీలో హీబ్రూ క్లాసు గురించి ఎవరు రాసినా క్రియాపదాల పట్టికల గురించీ ఆ తలనొప్పి గురించే రాస్తారు, అదీ న్యాయమే. నాకు మాత్రం పరీక్షతో సంబంధం లేని ఒక అలవాటు గుర్తుండిపోయింది. యూదులు తోరాను, అంటే మోషే అయిదు కాండాల్ని, వారానికో భాగం చొప్పున ఏడాదిలో చదివి ముగిస్తారు కదా, ఆ భాగాన్ని పరాషా అంటారు. ఆ శనివారం సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థనా మందిరాల్లో, ఏది చదువుతారో అదే మన సార్ శుక్రవారం చివరి పీరియడ్‌లో మాతో చదివించేవారు. సెలవులయ్యి కాలేజీ తెరిచిన కొత్తలో, జూన్‌లో, మామూలుగా వచ్చేది షెలాహ్ లెఖా. సంఖ్యాకాండం 13 నుంచి 15 దాకా, దేవుడిస్తానన్న కనాను దేశాన్ని చూసి రమ్మని మోషే పంపిన వేగులవాళ్ళ కథ.

సండేస్కూల్ నుంచీ తెలిసిన కథే. ఇద్దరు మనుషులు కర్రమీద ద్రాక్షగెల మోసుకొచ్చే బొమ్మకి అందరం రంగులేసినవాళ్ళమే (ఇజ్రాయెల్ పర్యాటక శాఖ గుర్తు కూడా ఆ బొమ్మే). పన్నెండుమంది వెళ్ళారు, పదిమంది భయపడ్డారు, కాలేబు యెహోషువ భయపడలేదు, అయిపోయింది. ఈ 'అయిపోయింది' అంటే సార్‌కి ఒళ్ళుమంట. "మోషే పిరికివాళ్ళని ఏరి పంపాడంటావా?" అని అడిగేవారు. చదివితే అలా లేదు. గోత్రానికొకరు, అందరూ పెద్దలే, పేర్లతో సహా రాసి ఉంది. 40 రోజులు దేశమంతా తిరిగి పళ్ళు తెచ్చారు. అది పాలు తేనెలు ప్రవహించే దేశమేనని ఒప్పుకున్నారు, కానీ పట్టణాలకి ప్రాకారాలున్నాయి, హెబ్రోను వైపు అనాకు వంశపు మహాకాయులున్నారు అన్నారు. ఇందులో అబద్ధమేముంది? జనం బలమైనవాళ్ళా కాదా, ఉండేది గుడారాల్లోనా కోటల్లోనా చూసి రమ్మన్నది మోషేనే కదా.

చెడిందంతా చివరి మాటలో. మా కళ్ళకి మేం మిడతల్లా ఉన్నాం, వాళ్ళ కళ్ళకీ అలాగే ఉన్నాం అన్నారు. యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూదు. అందులో సోటా అనే భాగంలో ఒక రబ్బీ, అంటే యూదు గురువు, ఇక్కడే పట్టుకుంటాడు: మీ కళ్ళకి మీరు మిడతలు, సరే, వాళ్ళ కళ్ళకెలా ఉన్నారో మీకెలా తెలుసు? అబద్ధాలాడారు అంటాడు. దానికి అక్కడే జవాబు కూడా ఉంది, వేగులవాళ్ళు భయపడి చెట్లెక్కి కూర్చుంటే, చెట్లమీద మిడతల్లాంటి మనుషులున్నారని కింద అనుకోవడం విన్నారట. తల్మూదులో నాకు నచ్చేది ఇదే, అవతలివాడి తరఫున ఎవరో ఒకరు వాదించకుండా వదలరు. అయినా నేను మొదటి రబ్బీ పక్షమే, ఎందుకంటే అదే శనివారం పరాషా తర్వాత ప్రవక్తల గ్రంథాల్లోంచి హఫ్తారా అని ఇంకో భాగం చదువుతారు, ఈ వారానికి అది యెహోషువ 2వ అధ్యాయం. తర్వాత యెహోషువ పంపిన వేగులవాళ్ళని యెరికోలో తన ఇంట్లో దాచిన రాహాబు అక్కడ ఏమంటుంది? ఎర్రసముద్రం ఎండిపోయిన సంగతి విన్నప్పుడే మా గుండెలు కరిగిపోయాయి అంటుంది. ఆ సంగతి జరిగింది వేగులవాళ్ళు వెళ్ళకముందే కదా! వీళ్ళు చెట్లెక్కి వణికిన రోజుల్లో గోడ అవతలివాళ్ళకీ లోపల అదే వణుకు. ఈ రెండింటినీ ఒకే వారానికి జతచేసిన పెద్దలెవరో గానీ దండం పెట్టాలి.

నేను పాస్టరుగా కమిటీ మీటింగుల్లో కూర్చోవడం మొదలెట్టాక ఈ మిడతల మాట తరచుగా వినిపిస్తోంది, వేరే రూపంలో. "నాకేం అభ్యంతరం లేదండీ, జనం ఒప్పుకోరు." నాకు టెన్షన్‌గా ఉంది అని చెబితే కూర్చుని మాట్లాడుకోవచ్చు, ధైర్యం చెప్పుకోవచ్చు, నిజంగానే భయపడాల్సిన సంగతైతే మానేయొచ్చు. మన భయాన్ని జనం ఖాతాలో రాసేశాక ఇక మాట్లాడటానికి ఏం మిగలదు, పైగా మాటన్నది పెద్దలు కాబట్టి అది సమాచారం అయిపోతుంది. వేగులవాళ్ళ మాట విన్న ఆ రాత్రి ఇశ్రాయేలీయుల పాళెమంతా ఏడ్చింది, మరో నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకి పోదాం అన్నారు.

కాలేబుకి భయం లేదని కూడా నేననుకోను. హెబ్రోనుకి అతనొక్కడే వెళ్ళి పితరుల సమాధుల దగ్గర, ఆ పదిమంది ఆలోచనలో పడకుండా నన్ను కాపాడమని వేడుకున్నాడని తల్మూదు చెబుతుంది. భయం లేనివాడు సమాధుల దాకా ఎందుకు వెళ్తాడు? జనం నోరు మూయించిన పద్ధతైతే మరీ తమాషా. "అమ్రాము కొడుకు మనకి చేసింది ఇదొక్కటేనా?" అని లేచాడట. మోషేని తిట్టబోతున్నాడనుకుని అందరూ చెవులు రిక్కించారు, అప్పుడు మొదలెట్టాడు: సముద్రం చీల్చాడు, మన్నా తెప్పించాడు, పూరేళ్ళు తెప్పించాడు అని. మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రాషీ వ్యాఖ్యానంలో ఇది చదివి క్లాసంతా నవ్వాం.

మోషే తర్వాత నాయకుడైన యెహోషువ తన వంతు వచ్చినప్పుడు పన్నెండుమందిని పంపలేదు, ఇద్దరినే రహస్యంగా పంపాడు, వాళ్ళు వచ్చి అతనికే చెప్పారు. దీనిమీద మా బ్యాచ్‌లో పెద్ద వాదన. రిపోర్టు జనానికి చెప్పకపోవడం నాయకత్వమా, దాపరికమా? నాకిప్పటికీ ఆ రహస్యం పూర్తిగా మింగుడుపడదు, కానీ ఒకటి గమనించాను, ఆ ఇద్దరి పేర్లు గ్రంథంలో లేవు. పోగొట్టుకోవడానికి పదవి లేనివాళ్ళని నమ్మాడేమో. యెహోషువది ఎఫ్రాయిము గోత్రం. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము ఆ సంతతి అని నమ్మే తెలుగు యూదులున్నారని, వాళ్ళకో సినగాగు ఉందని మన కాలేజీలో చాలామందికి తెలియదు, వెళ్ళి చూడాల్సింది.

యూదుల సామూహిక ప్రార్థనకి కనీసం పదిమంది ఉండాలి. ఆ పది అనే లెక్కకి తల్మూదు ఆధారంగా చూపేది ఈ పరాషానే, "ఈ చెడ్డ సమాజం" అని దేవుడు కోపంగా అన్న మాటని. అంటే మిడతలమని చెప్పొచ్చిన ఆ పదిమందే లెక్క! మోషే అహరోనులు సాగిలపడిన చోటు గానీ, కాలేబు లేచి నిలబడిన చోటు గానీ ఆ రబ్బీలకి దొరకలేదా అని అడిగాను. సార్ చెప్పిన జవాబు నోట్సులో రాసుకున్నాను, ఆ నోట్సు జూనియర్లెవరో తీసుకెళ్ళి ఇవ్వలేదు. ఎవరి దగ్గరుందో గానీ, జిరాక్స్ పంపినా చాలు.