మడుగు గెలిచిన కేసు

ఆల్మోంటే ఊరు దాటి బస్సు దక్షిణానికి తిరిగాక, పైన్ చెట్ల మధ్య అక్కడక్కడా తెల్లటి ప్లాస్టిక్ కప్పులు కనిపించడం మొదలైంది. ఎండలో దూరం నుంచి నీళ్ళలా మెరుస్తాయి. వాటి కింద స్ట్రాబెర్రీలు. స్పెయిన్‌లో పండే స్ట్రాబెర్రీల్లో 90 శాతానికి పైగా ఈ వెల్వా జిల్లావే. జర్మనీలో ఫిబ్రవరి చలిలో నేను కొనే డబ్బా మీద కూడా ఈ పేరే ఉంటుంది.

మ్యూనిక్‌లో నేను చేసే ఉద్యోగం నీటి సరఫరా సంస్థలకి సాఫ్ట్‌వేర్ రాయడం. యూరోపియన్ యూనియన్ నీటి చట్టాల పేర్లు ఆఫీసులో రోజూ చెవిన పడతాయి. భూగర్భ నీళ్ళు తోడేయడం మీద వాటిలో ఒకటి జీవవైవిధ్య చట్టంతో కలిసి కోర్టుకెక్కిన చోటు దక్షిణ స్పెయిన్‌లోని ఈ డొన్యానా నేషనల్ పార్కు. సెవిల్ నగరానికి చెందిన సహోద్యోగి ఒకడు సెలవుకి సొంతూరు వెళ్తున్నాడంటే అతనితో పాటు నేనూ బయల్దేరాను. వానలు బాగా కురిసిన వసంతం అది.

ఎల్ రొసియోలో దిగగానే కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. ఊళ్ళో వీధులన్నీ ఇసుకే. ఇళ్ళ ముందు గుర్రాల్ని కట్టేసే కొయ్య కంచెలు, మధ్యాహ్నం పూట బార్ల ముందు గుర్రం దిగకుండానే బీరు తాగే మనుషులు. ఏటా పెంతెకోస్తు పండక్కి లక్షల మంది గుర్రాల మీదా, ఎడ్లబండ్ల మీదా ఇక్కడి మేరీమాత గుడికి యాత్రగా వస్తారట. మిగతా రోజుల్లో సగం ఇళ్ళకి తాళాలు వేసే ఉంటాయి. తెల్లటి గుడి ఎదురుగానే చిత్తడి నేల మొదలవుతుంది. నేను చూసినప్పుడు కనుచూపు మేర నీళ్ళు, మోకాలి లోతులో మేస్తున్న గుర్రాలు, ఇంకాస్త దూరంలో ఫ్లెమింగోల గుంపు. మన పులికాట్‌కి వచ్చే పెద్ద ఫ్లెమింగో, ఇదీ ఒకే జాతి. గట్టు మీద నిలబడ్డ నాకు ఒకటే అనుమానం: ఇన్ని నీళ్ళుంటే కేసెందుకు?

జవాబు మర్నాడు దొరికింది. ఎల్ అసెబూచే సందర్శక కేంద్రం నుంచి ఎత్తైన చక్రాలున్న బస్సులో పార్కు లోపలికి తీసుకెళ్తారు. మొదట సముద్రపు ఒడ్డునే పోతుంది, ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క కదిలే ఇసుక దిబ్బలు. గాలికి దిబ్బ జరుగుతూ పైన్ చెట్లని కప్పేస్తుంది, ముందుకెళ్ళాక ఎండిన మానుల్ని వదిలేస్తుంది. ఒక చోట మాను మొత్తం ఇసుకలో కూరుకుపోయి పైకొమ్మలు మాత్రం పచ్చగా ఉన్న చెట్లున్నాయి. ఇసుకలో పాదముద్రలేవో చూపించి లింక్స్‌వి కావచ్చని గైడ్ అంది. ఐబీరియన్ లింక్స్ అంటే అడవిపిల్లి కన్నా పెద్దది, చెవుల కొసల్లో నల్లటి కుచ్చులుంటాయి. 2002 ప్రాంతంలో వంద కూడా లేవు, 2023 లెక్కకి స్పెయిన్, పోర్చుగల్‌లలో కలిపి రెండు వేలు దాటాయి. మాకు మాత్రం జింకలూ, అడవి పందులూ తప్ప ఏమీ కనబడలేదు. అది నాకు కొంచెం వెలితే.

చిత్తడి అంచుకి చేరాక నా అనుమానం బయటపెట్టాను. గైడ్‌కి ఇది చాలాసార్లు విన్న ప్రశ్న కాబోలు, వెంటనే చెప్పింది. ఇక్కడ నీళ్ళు రెండు రకాలు. చిత్తడి అడుగున బంకమట్టి, వాననీళ్ళూ వాగునీళ్ళూ పైనే నిలుస్తాయి, వేసవికి ఆవిరైపోతాయి. ఇసుక నేల కథ వేరు. అందులో పడ్డ వాన లోపలికి ఇంకుతుంది, భూగర్భ నీటి మట్టం పైకొచ్చి పల్లాల్ని తాకిన చోట మడుగు ఏర్పడుతుంది. డొన్యానాలో ఇలాంటివి మూడు వేలకి పైగా ఉన్నాయి. కప్పలు, తూనీగలు, కొన్ని నెలలే బతికే నీటి మొక్కలు వీటిని నమ్ముకున్నాయి. నీటి మట్టం ఒకటి రెండు అడుగులు దిగితే చిత్తడికి పెద్ద తేడా తెలియదు గానీ మడుగుకి ప్రాణమే పోతుంది.

ఎన్ని పోతున్నాయంటే, ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం వాళ్ళు 2023లో వెల్లడించిన అధ్యయనంలో పెద్ద మడుగుల్లో 59 శాతం కనీసం 2013 నుంచి నిండలేదు. దాదాపు ఎప్పుడూ నీళ్ళుండే సాంతా ఒలాయ్యా మడుగు కూడా 2022 ఆగస్టులో పూర్తిగా ఎండింది, మరుసటి ఏడూ అంతే. అది పర్యాటకులు వెళ్ళలేని రక్షిత భాగంలో ఉంది, కాబట్టి నేను చూసిన డొన్యానాలో అసలు గొడవకి కారణమైన నీళ్ళు లేనే లేవు.

చట్టాల సంగతి తిరుగు ప్రయాణంలో సహోద్యోగీ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. యూరప్‌లో ప్రకృతికి రెండు పాత చట్టాలున్నాయి: 1979 నాటి బర్డ్స్ డైరెక్టివ్, 1992 నాటి హాబిటాట్స్ డైరెక్టివ్. పక్షుల్నీ, అరుదైన ఆవాసాల్నీ కాపాడటానికి నాచురా 2000 అనే ప్రాంతాల వల ఏర్పడింది వీటి మూలంగానే. 2000లో వచ్చిన వాటర్ ఫ్రేమ్‌వర్క్ డైరెక్టివ్ చూపు వేరు. అది నదీ పరీవాహకాన్ని మొత్తంగా చూస్తుంది, ఆరేళ్ళకొకసారి ప్రణాళిక రాయమంటుంది, ప్రతి నదీ, చెరువూ, భూగర్భ జలాశయమూ ‘మంచి స్థితి’కి చేరాలంటుంది. ప్రకృతి చట్టాల్నీ నీటి చట్టాన్నీ కలిపే తాడు దాని 4వ నిబంధనలోనే ఉంది. రక్షిత ప్రాంతాలకి వేరే చట్టం పెట్టిన లక్ష్యాల్నీ నీటి ప్రణాళిక నెరవేర్చాలి. ఒకే నీటికి రెండు లక్ష్యాలు వర్తిస్తే కఠినమైనదే చెల్లుతుంది. కాగితం మీద ఇంతకన్నా స్పష్టంగా రాయలేరు.

చిక్కంతా ఆఫీసుల్లో ఉంది. గ్వాదల్కివిర్ నీటి ప్రణాళిక రాసేది కేంద్ర ప్రభుత్వం కింది నదీ సంస్థ. పార్కుని చూసుకునేది ఆండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం, పొలాలకి అనుమతులిచ్చే భూవినియోగ ప్రణాళికా దానిదే. ఇక్కడి భూగర్భ జలాన్ని అయిదు భాగాలు చేసి ఒక్కోదాని సగటు చూస్తే, అధికారిక లెక్క ప్రకారమే మూడు బాగాలేవు. కానీ మడుగుకి సగటుతో పనిలేదు, తన పక్కనున్న బోరుతోనే పని.

ఆ మాట మటాలస్కన్యాస్‌లో బాగా అర్థమైంది. పార్కుని ఆనుకుని కట్టిన బీచ్ పట్టణం అది. ఇసుకలో బోర్లా పడి ఉన్న పాత కావలి బురుజు (1755 లిస్బన్ భూకంపానికి కూలిందంటారు), దాని చుట్టూ గొడుగులు, వెనక వరసగా అపార్ట్‌మెంట్లు. నాకైతే ఊరు నచ్చలేదు. చలికాలంలో బోసిపోయి, ఎండాకాలంలో కిటకిటలాడుతుంది. అంటే నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడే ఎక్కువ కావాలి. ఆ నీళ్ళు తోడే బోర్లకి దగ్గర్లోనే చార్కో దెల్ తోరో లాంటి మడుగులున్నాయి.

2021 జూన్ 24న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు ఇచ్చిన తీర్పులో ఈ ఊరి పేరు ఉంది. స్పెయిన్ మూడు విషయాల్లో తప్పు చేసిందని తేల్చారు. అక్రమంగా తోడే నీటినీ, పట్టణాలకి తోడే నీటినీ ప్రణాళిక అంచనాల్లో కలపలేదు. మటాలస్కన్యాస్ కోసం తోడటం వల్ల మడుగులకి హాని జరగకుండా ఒక్క చర్యా పెట్టలేదు. 2006 జులై 19 నుంచి హాబిటాట్స్ డైరెక్టివ్ కోరిన రక్షణ ఇవ్వలేదు. విచిత్రమేమంటే భూగర్భ జలాల పరిస్థితి నీటి చట్టం చెప్పే అర్థంలో దిగజారిందన్న ఆరోపణ మాత్రం రుజువు కాలేదని కొట్టేశారు. నీటి చట్టం ఒక్కదాన్నే పట్టుకుని ఉంటే కేసు సగానికి సగం వీగిపోయేది. మడుగు తరఫున మాట్లాడే చట్టం తోడు రాబట్టి నిలబడింది.

ఆల్మోంటేలో ఒక బార్‌లో సహోద్యోగికి తెలిసిన స్ట్రాబెర్రీ రైతు కలిశాడు. అతని బోరుకి కాగితాలున్నాయి, మీటరుంది. “నేను తోడేది ప్రతి లీటరూ వాళ్ళకి తెలుసు. అడవిలో పైన్ చెట్లు కొట్టి వేసిన తోటకి మీటరే లేదు, ఆ నీళ్ళకి లెక్కే లేదు,” అన్నాడు. స్పెయిన్‌లో 1985 చట్టంతో భూగర్భ జలం ప్రజల ఆస్తి అయింది, బోరుకి అనుమతి తప్పనిసరి. 2022లో ప్రాంతీయ పార్లమెంటులో ఇలాంటి భూముల్లో కొన్నిటిని సాగుభూములుగా గుర్తించే బిల్లు పెట్టారు. దాన్ని ఈ రైతు కూడా వ్యతిరేకించాడట, ఇన్నాళ్ళూ కట్టుబడ్డ తనే వెర్రివాడిగా మిగులుతానని. కొల్లేరులో అయిదో కాంటూరు (సరస్సు రక్షిత హద్దు) లోపలి చేపల చెరువుల గురించి మా కైకలూరు వైపు ఇదే తగాదా ఎన్నిసార్లు విన్నానో. ఆ బిల్లు ఆగింది. 2023 నవంబరులో కేంద్రమూ, ఆండలూసియా ప్రభుత్వమూ 140 కోట్ల యూరోల ఒప్పందం చేసుకున్నాయి. సాగు మానుకున్న రైతుకి పరిహారం ఇవ్వడం కూడా అందులో ఉంది. రైతు నవ్వి, “డబ్బు ఊరి దాకా రానీ చూద్దాం,” అన్నాడు. పక్క నదీ పరీవాహకాల నుంచి ఏటా దాదాపు రెండు కోట్ల ఘనపు మీటర్లు తెచ్చే పథకానికి 2018లోనే చట్టం చేశారు. ఆ నీళ్ళు వస్తే బోర్లు మూయాలన్నది అందులోని షరతు. ముందు ఏది జరుగుతుందన్న దాని మీదే బార్‌లో అందరూ వాదించుకున్నారు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి: ఎల్ అసెబూచే బస్సుకి ముందే బుక్ చేసుకోవాలి, ఫిబ్రవరి నుంచి మే దాకా పక్షులకి మంచి కాలం. జులై, ఆగస్టుల్లో వెళ్తే చిత్తడి పగుళ్ళు తేలి ఉంటుంది. అది ఎప్పుడూ అంతే, దానికీ కేసుకీ సంబంధం లేదు. మడుగుల గురించి మాత్రం గైడ్‌ని అడగండి, అడగకపోతే చెప్పరు.