క్రెటా ఆటోమేటిక్‌కి గేర్ ఆయిల్ మార్పించాను, మీరూ మార్పించాలా?

కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో సర్వీస్ పట్టికలు రెండుంటాయి. అందరూ చూసేది మొదటిదే. నాది 2017 హ్యుందాయ్ క్రెటా డీజిల్ ఆటోమేటిక్, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్. మొదటి పట్టిక ప్రకారం దాని గేర్ ఆయిల్‌ని చూడక్కర్లేదు, మార్చక్కర్లేదు. సర్వీస్ సెంటర్లో అడిగినా "అది లైఫ్‌టైమ్ ఆయిలండి, మీరేం టెన్షన్ పడకండి" అని ఎంతో మర్యాదగా అదే మాట చెబుతారు.

రెండో పట్టిక కఠినమైన పరిస్థితుల్లో తిరిగే బండ్లకి, అందులో గేర్ ఆయిల్ మార్చాలనే ఉంటుంది. ఆ పరిస్థితులేమిటో కూడా అక్కడే రాసి ఉంటుంది: ఎనిమిది కిలోమీటర్ల లోపు దూరాలు పదేపదే తిరగడం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఎక్కువసేపు నిలబెట్టడం, దుమ్ము రోడ్లు, కొండ దారులు, 32 డిగ్రీలు దాటిన ఎండలో హెవీ ట్రాఫిక్. విజయవాడలో ఉండేవాడికి ఇది చదివితే నవ్వొస్తుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని బెంజి సర్కిల్ దాటడం మాకు కఠిన పరిస్థితేం కాదు, పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం. అంటే మన బండి మొదటి రోజు నుంచీ రెండో పట్టికలోనే ఉంది, మనకే తెలియదు.

జర్మనీ గేర్‌బాక్స్ కంపెనీ జెడ్ఎఫ్ సంగతి చూడండి. దాని బాక్సుల్ని పెట్టుకునే కార్ల కంపెనీల్లో చాలావరకు లైఫ్‌టైమ్ ఆయిల్ అనే చెబుతాయి. ఆ బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి, ఆయిల్ మార్చమంటుంది. కారు అమ్మేవాడి లెక్క వారంటీ వరకు, బాక్స్ చేసినవాడి లెక్క బాక్స్ పాడయ్యే వరకు. నాది హ్యుందాయ్ బాక్సే అయినా ఆ లెక్క నాకు సబబుగా అనిపించింది, మీటర్ మీద తొంభై వేలు దాటాక ఇక ఆగలేదు.

అసలు ట్రాఫిక్‌తో ఈ ఆయిల్‌కి సంబంధం ఏమిటంటే, టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఉన్న లంకె ఆ ఆయిలే. ఇంజిన్ వైపు ఫ్యాన్ ఆయిల్‌ని చిమ్ముతుంది, అవతలి ఫ్యాన్ ఆ తోపుడుకి తిరుగుతుంది. హైవే మీద లోపల ఒక లాకప్ క్లచ్ పడి రెండూ కలిసి తిరుగుతాయి కాబట్టి పెద్దగా వేడెక్కదు. ట్రాఫిక్‌లో ఆ లాక్ పడదు, ఆగి ఆగి కదులుతుంటే ఆయిల్ ఊరికే చిలకబడుతూ ఉంటుంది, ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. వేడే ఈ ఆయిల్‌కి శత్రువు. ఇంజిన్ ఆయిల్‌లాగా ఇందులో పొగ, మసి కలవవు కాబట్టి ఎక్కువ కాలం మన్నే మాట నిజమే, కానీ గేర్లు వేసే క్లచ్ ప్లేట్లు కూడా ఈ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, వాటి పొడి ఇందులోనే చేరుతుంది, అదే ఆయిల్ సన్నటి దారుల్లోంచి వాల్వ్‌బాడీలోకి (ఏ గేర్‌కి ఆయిల్ వెళ్లాలో మళ్లించే వాల్వుల దిమ్మ) వెళ్లి ప్రెషర్‌తో గేర్లు మార్చాలి.

ఇక ఏ ఆయిల్ అన్న ప్రశ్న. చాలామంది పొరపడేది ఇక్కడే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని ఏటీఎఫ్ అంటారు. స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి "ఏటీఎఫ్ ఇవ్వండి" అంటే ఎర్రటి ఆయిల్ డబ్బా ఒకటి తీసి ఇస్తారు. అది చాలాసార్లు పవర్ స్టీరింగ్‌లో పోసే ఆయిల్, పాత డెక్స్‌రాన్ రకం. షాపువాడిది తప్పు కాదు, మన దగ్గర మొన్నమొన్నటి దాకా ఆటోమేటిక్ కార్లు ఎన్నున్నాయి, ఏటీఎఫ్ అడిగేవాడు నూటికి తొంభై మంది స్టీరింగ్ కోసమే అడిగేవాడు. అదీ ఎరుపే, మన గేర్‌బాక్స్ ఆయిలూ ఎరుపే. ఆ ఎరుపు కలిపిన రంగు మాత్రమే, ఎక్కడన్నా కారితే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి. రంగు చూసి ఆయిల్ కొనకూడదు.

చూడాల్సింది కోడ్. నా క్రెటాకి ఎస్పీ-4. పాత నాలుగు గేర్ల హ్యుందాయ్ ఆటోమేటిక్‌లకి ఎస్పీ-3. పేర్లలో ఒక్క అంకె తేడానే గానీ ఎస్పీ-4 పలచన, ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌కి టయోటా డబ్ల్యూఎస్. హోండా వాళ్లు పాత జెడ్-1 ఆపేసి డీడబ్ల్యూ-1 తెచ్చారు. జనరల్ మోటార్స్ 2005లో డెక్స్‌రాన్-6 తెచ్చాక డెక్స్‌రాన్-3కి లైసెన్సులివ్వడమే మానేసింది, అయినా డబ్బాల మీద ఆ పేరు ఇంకా కనబడుతూనే ఉంటుంది. కారు పేరు కన్నా బాక్స్ ఎవరిదన్నది ముఖ్యం: టాటా హ్యారియర్ ఆటోమేటిక్‌లో ఉన్నది హ్యుందాయ్ నుంచి తెచ్చుకున్న ఆరు గేర్ల బాక్సే.

ఈ కోడ్‌ల గోల వ్యాపారం కోసమే అనుకునేవాళ్లున్నారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ క్లచ్ ప్లేట్లు పట్టుకునేటప్పుడు ఎంత జారాలి, ఎప్పుడు గట్టిగా పట్టాలి అన్నది ఆయిల్‌లో కలిపే రసాయనాల మీద ఆధారపడుతుంది, కంపెనీ ఆ బాక్స్ సాఫ్ట్‌వేర్‌ని ఆ పట్టుకి తగ్గట్టే రాసుకుంటుంది. ఒకప్పుడు అమెరికాలో ఈ పని కోసం స్పెర్మ్ తిమింగిలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? 1970ల మొదట్లో ఆ తిమింగిలాల్ని కాపాడే చట్టాలొచ్చి నూనె ఆగిపోయాక, దానికి సరైన బదులు కుదిరేలోపు అక్కడ గేర్‌బాక్సులు బాగానే ఇబ్బంది పడ్డాయి. కలిపేది కొంచెమే అయినా అంత తేడా చేస్తుంది.

అన్ని కార్లకీ పనికొస్తుందని రాసి ఉండే మల్టీ వెహికల్ ఏటీఎఫ్‌ల సంగతి అడుగుతారని తెలుసు. పేరున్న కంపెనీది అయి, డబ్బా వెనక జాబితాలో మీ కోడ్ స్పష్టంగా ఉంటే, వారంటీ అయిపోయిన బండికి పోయొచ్చు, అందులో పాపమేం లేదు. నేను మాత్రం హ్యుందాయ్ వాళ్ల విడిభాగాల కంపెనీ మోబిస్ డబ్బాలే కొన్నాను. ఎన్నో ఏళ్లకి ఒకసారి పోసేదానికి లీటర్ మీద మిగిలే నాలుగు రూపాయల కోసం ఇదా అదా అని రాత్రుళ్లు ఆలోచించే ఓపిక నాకు లేదు. ఆయిల్‌లో విడిగా కలుపుకోమని అమ్మే ఎడిటివ్ సీసాలు మాత్రం అస్సలు వద్దు.

మార్చే పని బయట గ్యారేజీలో చేయించాను. ఆటోమేటిక్ బాక్సులు విప్పే అలవాటున్న మెకానిక్ కావాలి, చేతిలో స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలిస్తే ఆయిల్ వేడి చూపించే పరికరం) ఉండాలి, లిఫ్ట్ మీద బండి అటూ ఇటూ వాలకుండా సమంగా నిలబడాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అక్కణ్ణుంచి వచ్చేయండి.

ముందు ఆయిల్ పోసే ప్లగ్ ఊడి వస్తుందో లేదో చూడాలి, ఆ తర్వాతే కింద డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోవాలి. ఉన్నది కార్చేశాక పైన ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. కారిన ఆయిల్‌ని కొలతలున్న డబ్బాలో పట్టాలి, ఎంత వచ్చిందో అంతే మళ్లీ పోస్తారు. నా బాక్స్‌కి మొత్తం ఏడు లీటర్లకు పైనే పడుతుంది, ప్లగ్ తీస్తే వచ్చేది అందులో సగం చిల్లర, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ, ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది. అందుకే ఒక్కసారి మార్చి కొత్త ఆయిల్ పోశాం అనుకుంటే, నిజానికి సగమే కొత్తది. కొంత తిరిగాక ఇంకోసారి చేస్తే ముప్పావు వంతు కొత్తదవుతుంది, మూడోసారికి ఎనిమిదింట ఏడు వంతులు. నేను రెండోసారితో ఆపేశాను, ముప్పావు చాలు.

మెషీన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేస్తామని కొందరు అంటారు. కూలర్ పైపుకి తగిలించి పాత ఆయిల్ బయటికి వస్తుంటే కొత్తది ఎక్కించడం వరకు సరే, ఆయిల్ ఎక్కువ పడుతుంది అంతే. కానీ అదనపు ప్రెషర్‌తో తోసేది, క్లీనర్ మందు కలిపేది అయితే నేను ఒప్పుకోను. లోపల ఎక్కడో పడి ఉన్న చెత్త కదిలి వాల్వ్‌బాడీలో ఇరుక్కుంటే తర్వాత బాక్స్ విప్పాల్సి వస్తుంది, ఆ బిల్లు లక్షల్లో మాట్లాడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం లెవెల్. మా బాక్స్‌కి చూసే గేజ్ కడ్డీ లేదు. ఆయిల్ పోశాక ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, స్కానర్‌లో ఆయిల్ వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్యకి వచ్చేదాకా ఆగి, బ్రేక్ మీద కాలుంచి లివర్‌ని పి నుంచి డి దాకా, డి నుంచి పి దాకా నెమ్మదిగా రెండుసార్లు తిప్పి, అప్పుడు లెవెల్ ప్లగ్ తీస్తారు. సన్నటి ధారగా కారితే సరిపోయినట్టు. బొత్తిగా రాకపోతే తక్కువుంది, ధారాళంగా వస్తే ఎక్కువైంది, అదే సన్నబడేదాకా కారనివ్వాలి. ఆయిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు చూసే లెవెల్‌కి అర్థం లేదు. స్కానర్ లేకుండా చెయ్యి పెట్టి "వేడెక్కింది సార్, చాలు" అనే మెకానిక్ ఉంటే అక్కడే ఆపండి. జెడ్ఎఫ్, టయోటా బాక్సులకి ఈ డిగ్రీలు వేరు, పద్ధతి మాత్రం ఇంచుమించు ఇదే. ప్లగ్‌ల కింద వాషర్లు కొత్తవే వెయ్యాలి.

పాత ఆయిల్‌ని తెల్లటి గుడ్డ మీద వేసి చూడండి. నాది ముదురు గోధుమ రంగుకి తిరిగింది, మాడు వాసన లేదు. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలినట్టే. తళతళా మెరిసే ఇనుప ముక్కలు కనిపిస్తే ఆయిల్ డబ్బులు మిగుల్చుకుని బాక్స్ నిపుణుడి దగ్గరకి వెళ్లండి, మెత్తటి బూడిద రంగు పేస్టు మాత్రం సహజమే. ఇక ఆయిల్ రోజ్‌మిల్క్‌లా కనిపిస్తే బండిని అసలు నడపొద్దు, ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడి కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలిసినట్టు.

కొత్త ఆయిల్ పోస్తే పాత బాక్స్ చెడిపోతుందన్న మాట ఒకటి బాగా తిరుగుతుంటుంది. చాలావరకు జరిగేది ఏమిటంటే, బండి అప్పటికే యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం లేస్తుంది గానీ కదలదు, ప్లేట్లు అరిగిపోయాయి, అప్పుడు గుర్తొచ్చి ఆయిల్ మార్పిస్తారు, ఆ తర్వాత కొన్నాళ్లకి బాక్స్ పోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. అరిగిన ప్లేట్లకి ఆయిల్ మందు కాదు. బాగున్నప్పుడే మార్చాలి.

నా బండిలో తేడా ఏమన్నా తెలిసిందా అంటే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఉండే చిన్న కుదుపు తగ్గింది. మైలేజీ పెరిగిందని మాత్రం చెప్పను, పెరగలేదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మనసు కాస్త నిమ్మళంగా ఉంది, అది ఆయిల్ వల్లో బిల్లు కట్టిన తృప్తి వల్లో!

ఏఎంటీ వాళ్లు ఇదంతా చదివి కంగారు పడకండి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైన ఆ రకంలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, దానికి మామూలు గేర్ ఆయిలే, క్లచ్ నొక్కే యాక్చువేటర్‌కి విడిగా వేరే ఆయిల్. సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) వాళ్లు మాత్రం నాకన్నా జాగ్రత్తగా ఉండాలి. అందులో బెల్టు జారకుండా పట్టు కావాలి కాబట్టి సీవీటీ ఫ్లూయిడే పోయాలి, హోండాకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కి ఎన్ఎస్-2 లేదా ఎన్ఎస్-3, అలా. మామూలు ఏటీఎఫ్ పోస్తే బాక్స్ పాడవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ డీఎస్‌జీల్లో తడి క్లచ్, పొడి క్లచ్ అని రెండు రకాలు, తడి క్లచ్ ఉన్న ఆరు గేర్ల దానికి 60,000 కిలోమీటర్లకి ఆయిల్ మార్చమని ఫోక్స్‌వ్యాగన్ వాళ్లే చెబుతారు.

బిల్లు మీద ఆయిల్ కోడ్, లీటర్లు, మీటర్ రీడింగ్ రాయించుకోండి. కారిన ఆయిల్ కాలవలో పారబోయకుండా వాడేసిన ఆయిల్ కొనేవాడికి ఇస్తున్నారో లేదో కూడా అడగండి. మర్నాడు పొద్దున బండి తీసేముందు కింద ఎర్రటి చుక్కలేమన్నా పడ్డాయేమో చూసి, ఉంటే వెంటనే తీసుకెళ్లి ప్లగ్ బిగింపించండి.